సంచుల దగ్గర మనిషి

అక్షరాల్లో తప్పులు దొర్లితే మన్నించండి. యాభై ఎనిమిదేళ్లు నిండాక పట్టిన పెన్ను ఇది. ఒత్తులు ఒక్కోసారి ఎగిరిపోతాయి, దీర్ఘం ఎక్కడ పెట్టాలో తోచదు, ఒక్క పేజీకి రెండు రోజులు పడుతుంది. తొందర ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోయినా ఏమీ అనుకోను. ఇది నాకు బాగా తెలిసిన ఒకామె సంగతి. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి కదలడం లేదు. ‘ఆమె’ అంటే కదులుతోంది. అందుకని అలాగే రాస్తాను.

ఆ పొద్దున ఆమె చపాతీలు కాలుస్తోంది. మరిది కొడుకు వెస్లీ, వాడి భార్య సోనీ, ఏడాది నిండిన వాళ్ల పాప ముందురోజు సాయంత్రమే జగిత్యాల నుంచి వచ్చి దిగారు. రెండు రోజుల్లో, తక్కువ ఖర్చులో హైదరాబాదు చూసిపోవాలని వాళ్ల పథకం. వెస్లీ అదంతా ఫోనులో వీడియో తీసి నలుగురికీ చూపిస్తాడు. ఏ గల్లీలో ఏది తినాలో, ఏ దుకాణంలో గాజులు చవకో, ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలో అన్నీ విడమరిచి చెప్తాడు. ఆ తక్కువ ఖర్చు ఎవరి చేతుల మీద తక్కువైందో మాత్రం చెప్పడు.

జహనుమాలోని ఆ రెండు గదుల అద్దె ఇంటికి చుట్టాలు రావడం ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే మొదలైంది. భర్త డానియేలు బస్సు డిపోలో మెకానిక్. అతని అక్కలు, తమ్ముళ్లు, వాళ్ల వియ్యంకులు, వాళ్ల ఊరివాళ్లు, ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మూటాముల్లెతో దిగేవాళ్లు. చార్మినార్ చూడాలి, జూ చూడాలి, మ్యూజియం చూడాలి, గాజులు కొనాలి, బిర్యానీ తినాలి. ఆమె తెల్లవారకముందే లేచి అందరికీ నీళ్లు పట్టిపెట్టేది. చాపలు సరిపోకపోతే వంటింట్లో గోనెసంచి పరచుకుని పడుకునేది. “మనోళ్లే గద, ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువెయ్యి” అనేవాడు డానియేలు. ఆ గ్లాసు కడిగేది, వండేది, వార్చేది ఎవరో అతని మాటలో ఉండేది కాదు. పిల్లలు పుట్టలేదు. దానితో ఆ ఇల్లు మరింతగా అందరిదీ అయిపోయింది. “పిల్లల్లేని ఇల్లు, జాగా మస్తుంటది” అని ఆడబిడ్డలు ఆమె ముందే అనేవాళ్లు, పక్కబట్టలు ఎవరికి ఎన్నో పంచుకుంటూ. ఆమె ఆ పక్కబట్టలు ఉతికి ఆరేసేది.

ఊరు చూడడానికి పోతే ఆమె కూడా వెంట పోయేది. ఆమె లేకపోతే సంచులెవరు చూస్తారు? పెళ్లయిన కొత్తలో మొదటిసారి చార్మినార్ దగ్గరికి పోయినప్పుడు అత్త ఆగమ్మ అన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది. “సంచులన్నీ కోడలి కాడ పెట్టుర్రి. అదేడికి పోతది?” అందరూ మెట్లెక్కి పైకి పోయారు. ఆమె కింద సంచుల మధ్య కూర్చుంది. తిరిగొచ్చాక డానియేలు నవ్వుతూ చెప్పాడు: “మీదికెల్లి చూస్తే నువ్వు గింత చుక్కలెక్క కనబడ్డవే. ముందుగాల సంచులు గుర్తువట్టిన, ఆటెన్క నిన్ను గుర్తువట్టిన.” అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, నవ్వక ఏం చేస్తుంది? కానీ ఆ మాట ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. పైనుంచి చూస్తే తాను నిజంగా అంతే ఉంటుందా? ఒక్కసారి ఎక్కి చూడాలనిపించేది. ప్రతి ఏడూ అనిపించేది. అడిగితే ఎవరూ కాదనలేదు. అందరూ ఒకే మాట అన్నారు. “నీకేందే, ఇక్కడిదానివే. ఎప్పుడైనా ఎక్కొచ్చు.”

అలా నలభై ఏళ్లకు పైగా పోయాయి. ఆరేళ్ల కింద డానియేలు కూడా పోయాడు. అతని పింఛను కాగితాల మీద వేలిముద్ర వేసినప్పుడు ఆఫీసులో గుమస్తా ఆమె బొటనవేలిని పట్టుకుని, సామానును జరిపినట్టు జరిపి, సిరా అద్ది నొక్కాడు. ఆ తర్వాతే ఆమె చర్చిలో ఆదివారం బడి నడిపే బేబీ టీచర్ దగ్గరికి పోయి, అక్షరాలు నేర్పమని అడిగింది. చిన్నప్పుడో మాట, పెళ్లయ్యాకో మాట అడక్కపోలేదు. “సదివి ఏ కచేరీల నౌకరి చేస్తవ్?” అని అత్త ఒక్క మాటతో తేల్చేసింది. ఇప్పుడు అనేవాళ్లు లేరు. రెండేళ్లు పట్టింది. చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు. చార్మినార్ దగ్గర బోర్డు మీద రాసింది వెస్లీ ముందు గట్టిగా చదివి వినిపించాలని, వాడు నోరు తెరిస్తే చూడాలని ఒక చిన్న ఆశ.

ఎందుకంటే ముందురోజు రాత్రి అన్నాలు తినేటప్పుడు ఆమె నోరు తెరిచి అడిగింది. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. ఇంకో ఏడాది పోతే మెట్ల మాట మరిచిపోవాలి.

“బిడ్డా, ఈసారి నేను గూడ మీదికెక్కుత.”

“గంతేనా పెద్దమ్మా! చెయ్యి పట్టుకొని తీస్కపోత. ఫికర్ చెయ్యకు” అన్నాడు వెస్లీ, అన్నంలోకి తొక్కు పచ్చడి వేసుకుంటూ.

ఆ రాత్రి ఆమె మోకాళ్లకు నూనె రాసుకుని పడుకుంది.

పొద్దున పిండి డబ్బా తీస్తుంటే దాని కింద ఒక కాగితం కనబడింది. సోనీ ఆమె ఎదురుగానే కూర్చుని రాసి, ఆమె ఎదురుగానే వదిలేసిన కాగితం. గోడ ముందు రాసుకుంటే దాచుకోవాలని ఎవరికైనా తోస్తుందా? ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, వేలు కింద పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. ఉండడం, పెద్దత్తమ్మ ఇల్లు. పొద్దున తిండి, పెద్దత్తమ్మ. పగలు చపాతీలు, పెద్దత్తమ్మ. గాజుల బేరం, పెద్దత్తమ్మ. చార్మినార్ పైకి, మేమిద్దరం. పాప, సంచులు, కింద పెద్దత్తమ్మ.

పెనం మీద చపాతీ నల్లగా మాడిపోయింది. బైబిలు పట్టుకుని నేర్చుకున్న అక్షరాలు. ఇంట్లో తన గురించి ఏం రాసి ఉందో మొదటిసారి చదివింది. కాగితాన్ని ఎలా ఉన్నదో అలాగే డబ్బా కింద పెట్టింది. మాడిన చపాతీ తన డబ్బాలో వేసుకుంది.

శాలిబండ దగ్గర బస్సు దిగి నడిచారు. లాడ్ బజారులో సోనీ ఆమెను ముందుకు తోసింది. “అత్తమ్మా, నువ్వు తురకంల మాట్లాడు, నువ్వైతే బేరం మస్తు చేస్తవ్.” ఆమె మాట్లాడింది. దుకాణం అతను “మాఁ, ఆప్ తో మార్ డాలే” అని, బేరంతో చంపేశావంటూ నవ్వుతూ సగానికి దిగొచ్చాడు. వెస్లీ ఫోను ఆమె మొహం మీదికి తిప్పాడు. “ఫ్రెండ్స్, మా బడ్జెట్ సీక్రెట్ ఈమెనే!” సోనీ తనకు, తన అక్కలకు, తన తల్లికి గాజులు కొంది. దుకాణం అతనే ఆమె చేతుల వంక చూసి, మరి మీకు వద్దా అన్నట్టు “ఔర్ ఆప్‌కు?” అని అడిగాడు. సోనీ అప్పటికే పక్క దుకాణంలో ఉంది. తర్వాత వాళ్లిద్దరూ హోటలు లోపలికి పోయి బిర్యానీ తిన్నారు. “నీకు బయటి మసాల పడది గద పెద్దమ్మా” అన్నాడు వెస్లీ. పడదని ఆమె ఎప్పుడూ అనలేదు. అరుగు మీద కూర్చుని, పాపకు పాలసీసా పట్టి, మాడిన చపాతీ నమిలింది.

టిక్కెట్ల దగ్గర వరుసలో వెస్లీ నిలబడ్డాడు. అప్పటిదాకా ఆమెలో ఎక్కడో కాస్త మిగిలి ఉంది, కాగితం మీద రాసినంత మాత్రాన అలాగే జరగాలని ఏముంది అని. వాడు రెండు టిక్కెట్లతో తిరిగొచ్చాడు.

“పెద్దమ్మా, లోపల మెట్లు మస్తు ఇరుకంట. పడితె మళ్ల లొల్లి. జర పాపను చూస్కో, గిట్ల పోయి గట్ల వస్తం. నువ్వు ఇక్కడిదానివేనాయె, ఎప్పుడైనా ఎక్కొచ్చు.”

“ఆ కాగితం నేను చదివిన వెస్లీ” అని ఆమె అనలేదు. అందామనుకుంది. నాలుక దాకా వచ్చింది. అంతలో చేతులు తమంతట తామే చాచుకున్నాయి, పాప ఒళ్లోకి వచ్చేసింది, సంచులు చుట్టూ చేరాయి. నలభై ఏళ్లుగా అలవాటైన చేతులు నోటికంటే ముందుంటాయి. కాగితంలో చదివిన దానికంటే ఆ చేతులే ఆమెను ఎక్కువ భయపెట్టాయి.

వాళ్లు దిగి వచ్చాక వెస్లీ అడిగాడు. “మీదికెల్లి చెయ్యి ఊపినం, చూసినవా?”

“చూడలే బిడ్డా.”

మర్నాడు బస్సెక్కేముందు సోనీ అంది, “వచ్చే నెల మా అక్కలు వస్తరంట అత్తమ్మా, ఆర్గురు. నీ ఇల్లున్నదని చెప్పిన.” పిండి డబ్బా కింద కాగితం మరిచిపోయింది.

వాళ్లు పోయాక వచ్చిన మంగళవారం ఆమె ఒక్కతే చార్మినార్ దగ్గరికి పోయింది. చేతిలో ఏ సంచీ లేదు. బోర్డు మీద రాసింది మెల్లగా, పెదవులు కదుపుతూ చదివింది. వినేవాళ్లు లేరు. ఒక్క టిక్కెట్టు కొంది. మెట్లు నిజంగానే ఇరుకు, చీకటి. ఒక్కో మెట్టుకూ గోడను పట్టుకుని, మూడు చోట్ల కూలబడి, వెనకొచ్చేవాళ్లకు దారి ఇచ్చి, మోకాళ్లు ఇక మావల్ల కాదన్నప్పుడు వంగి చేతులతో కూడా ఎక్కింది. పైకి చేరి గాలి తగిలినప్పుడు ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. అంచు దగ్గరికి పోయి కిందికి చూసింది.

తాను కూర్చునే చోటే. ముందు సంచులు కనబడ్డాయి. ఎర్ర సంచి, ప్లాస్టిక్ కవర్లు, నీళ్ల సీసా. డానియేలు చెప్పింది నిజమే. కాసేపటికి గాని వాటి మధ్య ఉన్న మనిషి కనబడలేదు. నల్ల బురఖా, ఒళ్లో పసిబిడ్డ. ఆ మనిషి పైకి చూడడం లేదు. చూసి లాభం లేదని తనకూ తెలిసి ఉంటుంది.

దిగడానికి ఎక్కినంతసేపు పట్టింది. నేరుగా ఆ మనిషి దగ్గరికి పోయింది. ముప్పై ఏళ్లుంటాయేమో. “అమ్మా, నేన్ సామాన్ దేఖ్తుం, బచ్చేకు గూడ పట్టుకుంట. తుమ్ ఊపర్ జాకే ఆవో” అంది, వచ్చిన భాషలన్నీ కలిపి, సామానును, బిడ్డను తాను చూస్తానని, పైకెక్కి రమ్మని. ఆ పిల్ల బిడ్డను ఇంకాస్త దగ్గరికి తీసుకుని, మర్యాదగా నవ్వింది.

“నక్కో అమ్మా. హమే యహీంచ్ రహతే. కభీ భీ చఢ్ లేతే.”

భాష వేరు. మాట అదే, ఇక్కడే ఉంటాం, ఎప్పుడైనా ఎక్కొచ్చు అని. ఆమె కూడా ఆ సంచుల పక్కనే కూర్చుంది. ఆ పిల్ల ఇంటివాళ్లు పైనుంచి చెయ్యి ఊపి ఉంటే ఆ రోజు వాళ్లకు కింద రెండు చుక్కలు కనబడి ఉంటాయి.

వారం తిరిగేసరికి ఆమె జహనుమా ఇల్లు ఖాళీ చేసింది. చాంద్రాయణగుట్టలో ఎన్నో గదులు చూసి, అన్నిటిలోకీ చిన్నది కావాలని అడిగి తీసుకుంది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. “గింత జాగల ఎట్లుంటవమ్మా?” అని ఇంటాయన జాలిపడ్డాడు. వెస్లీ ఫోను చేశాడు. “ఇదేంది పెద్దమ్మా, మాకొక్క మాట చెప్పొద్దా? సోనీ అక్కలకు ఇప్పుడేం చెప్పాలె?”

“జాగ లేదని చెప్పు బిడ్డా.”

అదే ఆఖరు ఫోను. ఆ తర్వాత చుట్టమని ఎవరూ రాలేదు, ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. ఆమె అనుకున్నదే, అయినా ఇంత తొందరగా అనుకోలేదు. సోనీ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటే దాని మీదే ఇది మొదలుపెట్టింది. ఇప్పటికీ తెల్లవారకముందే మెలకువ వస్తుంది. చెయ్యి పది మందికి సరిపడా పిండి తీస్తుంది. ఆమె కాసేపు దానివంక చూసి, పిడికెడు ఉంచుకుని, మిగతాది మళ్లీ డబ్బాలో పోస్తుంది.

రాజమణి,
వయసు అరవై రెండు,
ఇప్పుడు ఉండేది చాంద్రాయణగుట్టలో, ఒక్కరు పట్టే గదిలో.