పచ్చని ఆకు మీద కత్తెర

ముప్పై ఎనిమిదేళ్లు సెలూన్ నడిపిన మనిషికి, పని మానేసినంత మాత్రాన చేతులు ఊరుకుంటాయా? వీధి మొత్తం కత్తెర బాబాయ్ అని పిలిచే ఆ పెద్దాయన, ఎవరినైనా పలకరించడానికి వెళ్లినా ఎదుటివాడి చెవి వెనక వెంట్రుకలే చూస్తాడు.

ఆయన భార్యను అందరూ పిన్ని అంటారు. పిన్ని మోకాలి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉన్న వారంలో ఆ చేతులు పెరటి లిల్లీల మీద పడ్డాయి. పూలు రాలిపోయాయి. ఆకులు మాత్రం దువ్వెన ఎరుగని తలల్లా అటూ ఇటూ వాలి ఉన్నాయి. పిన్ని వచ్చేసరికి పెరడు ముచ్చటగా ఉండాలని బాబాయ్ పాత కత్తెర తీశాడు. అరగంటలో పన్నెండు మొక్కలకూ క్రాఫు చేసేసి, దూరం జరిగి చూసుకుని మురిసిపోయాడు కూడా.

ఆ మురిపెం సాయంత్రం దాకా నిలవలేదు. ఎరువు తెచ్చిన నర్సరీ అతను ఆ మొక్కలను చూసి తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావు బాబాయ్! పూలు పోయాకే ఆకుకి అసలు పని. వచ్చే ఏటి పూలకి దుంపలో తిండి దాచేది అదే. పసుపెక్కి, తనంతట తాను వాలిపోయాక కొయ్యాలి. పచ్చగా ఉండగా కోస్తే దుంప నోటికాడ కూడు లాగేసినట్టే!"

బాబాయ్ కత్తెర తీసుకెళ్లి లోపల పడేశాడు. ఆ దుంపలు పిన్ని అక్క పోయేముందు తన చేత్తో తవ్వి ఇచ్చినవి. ఏటా మొదటి పువ్వు విచ్చిన రోజు పిన్ని దాని పక్కన కూర్చుని, "అక్క వచ్చింది" అంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేశాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

మూడోనాడు పిన్ని ఇంటికొచ్చి, కర్ర పట్టుకుని తిన్నగా పెరట్లోకే నడిచింది. ఆమె నోరు తెరవకముందే బాబాయ్ చెప్పేశాడు.

"నేనే కత్తిరించానే. తెలీక చేశాను. మీ అక్కని ఇంక రాకుండా..."

పిన్ని కుర్చీ వేయించుకుని కూర్చుంది. మిగిలిన ఆకులను వేళ్లతో కొలిచి చూసింది.

"మొదలంటా కొయ్యలేదేమండీ?"

"కొత్త తలకి ఎప్పుడూ సగమే తీస్తాను. చాలకపోతే మళ్లీ తియ్యొచ్చు. తీసింది అంటించలేం కదా."

పిన్ని ముఖం విప్పారింది. "బతికించారు! సగం ఆకున్నా దుంప చావదు. మీకు లేకపోయినా మీ చేతికి బుద్ధుంది."

బాబాయ్ మెట్టు మీద కూలబడ్డాడు. మూడు రోజుల తర్వాత ఆయనకు అప్పుడే ఆకలేసింది.

మరుసటి ఏడాది పన్నెండింటిలో ఏడే పూశాయి. పిన్ని మొదటి పువ్వు పక్కన కూర్చుని, "అక్క వచ్చింది. క్రాఫు చేయించుకుని మరీ వచ్చింది" అని నవ్వింది. బాబాయ్ నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు.

పూలు రాలాయి. ఆకులు చెదిరి వాలాయి. బాబాయ్ రోజూ వాటిని చూసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండు నెలలకు అవి పసుపెక్కి నేలకు ఒరిగిన పొద్దున పిన్నే కత్తెర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడు కానివ్వండి. మొదలంటా."