నున్నటి సొరుగులు

గడియారాలు బాగుచేసే మామగారికి పన్నెండు సొరుగుల చెక్క పెట్టె ఒకటి ఉండేది. చూపు మందగించి ఏళ్లయినా, దాని ముందు కూర్చుంటే ఆయన చేతులకు తడబాటు ఉండేది కాదు. స్ప్రింగులొకచోట, ముళ్లొకచోట, మరలొకచోట. చెయ్యి చాపితే కావలసిన సొరుగే తెరుచుకునేది.

ఆయన వారం రోజులకని కూతురింటికి వెళ్లినప్పుడు కోడలి కన్ను ఆ పెట్టె మీద పడింది. పాత సామాను మీద కాగితపు బొమ్మలు కత్తిరించి అతికించి, పైన వార్నిష్ వెయ్యడం ఆమె కొత్తగా నేర్చిన విద్య. అప్పటికే స్టూలూ, అద్దం చట్రమూ, ఆఖరికి చెప్పుల స్టాండూ పూలు పూసేశాయి.

"కదలకుండా కూర్చుంటే నాకూ అతికించేట్టున్నావు," అనేవాడు భర్త.

సొరుగుల మీద చెక్కలోకి దిగిన గీతలున్నాయి. ఒకదానికి ఒకటి, పక్కదానికి రెండు, ఇంకోదానికి అడ్డగీత. ఇలా వరసగా ఎందుకున్నాయా అని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. ఫోను చేసి అడగొచ్చు. అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుంది! గీతల్లో లప్పం పెట్టి, సాండ్‌పేపరుతో రుద్ది, పిచ్చుకలూ ఆకులూ అతికించి, మూడు పూతల వార్నిష్ వేసింది.

మామగారు తిరిగొచ్చి సొరుగుల మీద అరచెయ్యి పోనిచ్చారు. పైనుంచి కిందికి, మళ్లీ కిందనుంచి పైకి.

"చాలా నున్నగా ఉందమ్మా," అన్నారు.

ఆమె పొంగిపోయింది.

నాలుగు రోజుల తర్వాత పక్కింటావిడ అలారం గడియారం తెచ్చింది. మామగారు ఒక సొరుగు లాగారు, మూశారు, ఇంకోటి లాగారు. ఐదోది చేతిలోంచి జారిపోయి మరలు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

"ఇంక నావల్ల కాదమ్మా. చూపు పోయింది," అని గడియారం తిరిగిచ్చేశారు.

మరలు ఏరుతున్న కోడలు తలెత్తి సొరుగుల వైపు చూసింది. చూపు పోయింది ఈ వారంలో కాదు కదా.

రెండు రోజులు ఆయన మొహంలోకి చూడలేకపోయింది. కంచం పెట్టి అటే వెళ్లిపోయేది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. మూడోరోజు వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, ఆ గీతలు మీరు పెట్టుకున్న గుర్తులేనా?"

"ఏ గీతలమ్మా?"

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది. అడగలేదు. కావాలనే అడగలేదు. మీరైనా చెప్పొచ్చు కదా!"

"వారమంతా నిద్ర మానుకుని చేశావని అబ్బాయి చెప్పాడు. ఇంక ఏమని చెప్పను?"

ఆమె స్క్రూడ్రైవరు తెచ్చి, మళ్లీ గీతలు పెట్టుకోమని ఆయన చేతిలో పెట్టింది. బొమ్మలు పాడవుతాయని ఆయన ఒప్పుకోలేదు. దాంతో తానే తీసుకుని మొదటి పిచ్చుక మీదుగా కసుక్కున గీసింది.

"ఇది స్ప్రింగులది. ఒక గీతే కదా?"

ఆయన వేలితో తడిమి చూశారు. "ఇంకొంచెం లోతుగా," అన్నారు.

సాయంత్రానికి ఎనిమిది సొరుగులకు గీతలు పడ్డాయి. మిగతా నాలుగింటి గుర్తులు ఏమిటో ఆయనకు ఎంతకీ తట్టలేదు.

"అవి వేళ్లకు తెలుసు గానీ నాకెప్పుడూ తెలియవమ్మా," అన్నారు, తప్పు తనదైనట్టు. కొత్త గుర్తులు పెడదామంటే, ఈ వయసులో వేళ్లకు కొత్తవి అలవాటు కావన్నారు.

ఇప్పుడాయన మళ్లీ పనికి కూర్చుంటున్నారు. ఆ నాలుగు సొరుగుల దగ్గరికొచ్చేసరికి మాత్రం "అమ్మాయ్!" అని పిలుస్తారు. ఎంత మామూలుగా పిలిచినా ఆమెకు మొహం వేడెక్కుతుంది. చేతిలో పని వదిలేసి పరుగెత్తుతుంది.