వేసుకున్నవాళ్ళ మాట

మా పిన్ని కూతుర్ని ఇంట్లో అందరూ బంగారం అంటారు. నేను నత్త అంటాను. అది అన్నం కలపడం మొదలుపెడితే, పక్కవాళ్ళు తిని చేతులు కడుక్కుని ఆవులిస్తున్నా ఇంకా కలుపుతూనే ఉంటుంది. చదువులోనూ అంతే. చిన్నప్పటి నుంచి మాకు ఒకే బడి, ఒకే తరగతి, ఒకే సైకిలు. మార్కులు మాత్రం ఎప్పుడూ నావే ఎక్కువ. నాకంటే కొద్ది నెలలే చిన్నదైనా అది నన్ను అక్కా అంటూ వెనకే నడిచేది. అది వెనక ఉన్నంతకాలం నాకు దాని మీద ప్రాణం.

యూనివర్సిటీలో మేమిద్దరం చేరింది, నడక సరిగ్గా రానివాళ్ళకు కాలి తొడుగులు తయారుచేసే కోర్సులో. ఆఖరి ఏడాదిలో ఎవరి బెంచీ వాళ్ళకు ఉండాలి. బెంచీ అంటే పెద్ద వైభోగమేమీ కాదు, ఒక బల్ల, పనిని కదలకుండా పట్టి ఉంచడానికి దానికి బిగించిన వైస్, హీట్ గన్, నాలుగు ఆకురాళ్ళు. అది లేకపోతే ఆ ఏడాది చదువు లేదు, పట్టా లేదు. ఇదివరకు ప్రభుత్వం యూనివర్సిటీకి నిధులన్నీ ఒక్క మూటగా ఇచ్చేది. అందరికీ బెంచీలు దొరికేవి. ఈ ఏడాది ఆ పద్ధతి మార్చేశారు. అమ్మానాన్నల్లో ఎవరికీ డిగ్రీ లేని పిల్లల బెంచీకి ప్రభుత్వమే ఖర్చు పెడుతుందట. మిగతావాళ్ళు సొంతంగా కట్టుకోవాలట. కట్టుకోలేనివాళ్ళందరూ కొట్టుకు చావడానికి మెరిట్ బెంచీ అని ఒక్కటి మిగిల్చారు.

పిన్ని డిగ్రీ మొదలుపెట్టి మానేసిందట. ఎందుకు మానేసిందో నేనెప్పుడూ అడగలేదు. బాబాయి బడి దాటలేదు. కాబట్టి నత్తకు ప్రభుత్వ బెంచీ. మా అమ్మ మాత్రం పెళ్ళయ్యాక, నన్ను కన్నాక, దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. కాబట్టి నేను చదువుకున్న ఇంటి పిల్లను. ఆ చదువుకున్న ఇల్లూ ఈ చదువుకోని ఇల్లూ ఒకే మేడలో పైనా కిందా ఉన్నాయి. నాన్నా బాబాయీ ఒకే గోదాములో బస్తాలు లెక్క చూస్తారు. మాకున్న గొప్పల్లా గోడకు వేలాడే అమ్మ పట్టా. దాంతో అమ్మకు ఉద్యోగం రాలేదు. నా బెంచీ మాత్రం పోయింది.

ఆ వార్త వచ్చిన రోజు నత్త మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, లోపల కడుపు మండిపోతోంది. నాకంటే తక్కువ మార్కులు తెచ్చుకుని, కిక్కురుమనకుండా వెనకాల నిలబడి, చివరికి నా చేతిలో ముద్ద లాక్కుంది. అది లాక్కోలేదని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం మంట ఆగుతుందా?

అయినా ఇంకా పరీక్ష ఉంది. మా వర్క్‌షాప్‌లో జంటలుగా పనిచేస్తాం. ఒకరి కాలికి ఒకరు పిండికట్టు వేసి, అచ్చు తీసి, దాని మీద ప్లాస్టిక్ తొడుగు చేస్తాం. పరీక్ష రోజున జంటలోని మనిషి దాన్ని తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడవాలి. నడిచాక పరీక్ష పెట్టే మేడమ్ అడిగేది ఒకటే ప్రశ్న, ఎక్కడైనా నొక్కుతోందా అని. వేసుకున్నవాళ్ళ మాటే ఆఖరి మాట. తయారుచేసినవాళ్ళు నోరెత్తకూడదు. సర్దుకోవడానికి ఇదివరకు రెండో అవకాశం ఉండేది. ప్లాస్టిక్ దండగని ఈ ఏడాది నుంచి అదీ తీసేశారు. నొక్కుతోందంటే మెరిట్ వరసలో ఒక మెట్టు దిగాలి; ప్రభుత్వ బెంచీ వచ్చినవాళ్ళయితే, ఆ బెంచీ మెరిట్ వరసలో తర్వాత ఉన్నవాళ్ళకు పోతుంది.

మెరిట్ వరసలో మొదట ఉన్నది నేనే. నా వెనకే ఎప్పుడూ గళ్ళ చొక్కాలే వేసుకునే కుర్రాడు. నేను పరీక్ష గట్టెక్కితే చాలు, మెరిట్ బెంచీ నాది, ప్రభుత్వ బెంచీ దానిది, గొడవ లేదు. నా జంట నత్తే. నా తొడుగు తొడుక్కునేది అదే. ఇంకేం కావాలి?

పొద్దున నా వంతు. నత్త నా తొడుగు వేసుకుని కిటికీ దాకా నడిచింది, తిరిగొచ్చింది. నేను బెంచీకి ఆనుకుని ధీమాగా నిలబడ్డాను.

"ఎక్కడైనా నొక్కుతోందా అమ్మా?" మేడమ్ అడిగింది.

నత్త వెంటనే చెప్పలేదు. దానికేదీ వెంటనే రాదు కదా. పాదం ఒకసారి వంచింది, మళ్ళీ వంచింది.

"చీలమండ దగ్గర నొక్కుతోంది మేడమ్."

మేడమ్ తొడుగు విప్పి చూసింది. చీలమండ ఎముక మీద నాణెమంత ఎర్రగా కంది ఉంది. మేడమ్ నా వైపు జాలిగా చూసి మార్కులు వేసింది. కాసేపటికే గళ్ళ చొక్కా తన జంట చేత హాయిగా ఉందనిపించుకుని, మెరిట్ బెంచీ ఎగరేసుకుపోయాడు. వరసలో అతని తర్వాత ఇక నేనే.

వరండాలో దాన్ని పట్టుకున్నాను.

"చెప్పకపోతే నీ కాలు ఊడి పడేదా?"

"నొక్కింది కదక్కా."

"నొక్కితే? కాసేపు ఓర్చుకోలేవా? నీ బెంచీ నీకుంది కదా అని నా నోట్లో మన్ను కొడతావా?"

"మేడమ్ అడిగారు," అంది బిక్కమొహం వేసి. "ఏం చెప్పమంటావు మరి?"

దాని మొహం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. తప్పు చేసినవాళ్ళను తిట్టొచ్చు. నిజం చెప్పి నా ఎదుట తలొంచుకు నిలబడ్డ దాన్ని ఏమని తిట్టను?

భోజనాలప్పుడు క్యారేజీ మూత కూడా తియ్యకుండా అమ్మకు ఫోన్ చేశాను. "నీ దిక్కుమాలిన డిగ్రీ వల్లే నాకీ గతి," అని మొదలుపెట్టి, నత్తను, దాని అదృష్టాన్ని, కొత్త పద్ధతి పెట్టినవాళ్ళను అందరినీ కలిపి కడిగేశాను. అమ్మ అంతా విన్నది.

"అయిందా?" అంది. "ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ డిగ్రీకి నేనూ మీ పిన్నీ కలిసే చేరాం. మీరిద్దరూ చంటిపిల్లలు. ఇద్దరం ఆదివారం క్లాసులకు పోతే మిమ్మల్నెవరు చూస్తారు? నువ్వు రాయక్కా, నేను వచ్చే ఏడు రాస్తాలే అంది. ఒక చంకన నిన్ను, ఇంకో చంకన దాన్ని వేసుకుని తిరిగింది. మీ పిన్నికి ఆ వచ్చే ఏడు రానేలేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పుకునే విషయమా అది? నా పట్టాలో సగం దానిదేనే. సగం కోసి కిందింటి గోడకు తగిలించలేను కదా."

ఇది విని నా మనసు కరిగిపోయిందని రాస్తే బాగానే ఉంటుంది. కరగలేదు. అప్పటిదాకా అన్యాయం జరిగింది నాకేనని ఏడవడానికైనా వీలుండేది. ఆ ఏడుపు కూడా వాళ్ళే పట్టుకుపోయారు. ఫోన్ పెట్టేసి, మూత తియ్యని క్యారేజీ అలాగే సంచిలో పడేసి, వర్క్‌షాప్‌కు వెళ్ళాను.

మధ్యాహ్నం నత్త వంతు. అది నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మేజోడు ముడతలు లేకుండా సర్ది, తొడుగు ఎక్కించింది. బెల్టు బిగించే ముందు తలెత్తి చూసింది. నేను దాని నెత్తి మీదుగా గోడ కేసి చూశాను.

నడిచాను. కిటికీ దాకా వెళ్ళేసరికే నాకు అర్థమైంది. తొడుగు ఉన్నట్టే లేదు. నా మోకాలి కింద ఎముక మీద పాత గాటు ఒకటుంది. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే సైకిలు మీద వెళ్ళి కంకరలో పడినప్పటిది. ఇప్పటికీ అక్కడ గట్టిగా తగిలితే ప్రాణం లేచొస్తుంది. పిండికట్టు వేయించుకునేటప్పుడు ఆ సంగతి దానికి చెప్పడం నేనే మరిచిపోయాను. అది మరిచిపోలేదు. సరిగ్గా అక్కడ, లోపలి వైపు, ప్లాస్టిక్‌ను కాస్త గుంటగా తోడి నునుపు చేసింది. నేనేమో దాని చీలమండ ఎముకనే చూసుకోలేదు. నా వెనకే నడిచే మనిషి నా కంటే బాగా పని నేర్చుకుంది. పొద్దున్నించీ మండుతున్నదంతా ఒక ఎత్తు, అప్పుడు మండింది ఒక ఎత్తు.

"ఎక్కడైనా నొక్కుతోందా?" మేడమ్ అడిగింది.

"నొక్కుతోంది," అన్నాను.

మేడమ్ పెన్ను కాగితం మీద ఆగింది. నేను నత్త వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను. అబద్ధమని అరుస్తుందనుకున్నాను. అరవాలనే కోరుకున్నాను. అరిస్తే నాకూ ఏదో ఒకటి అనడానికి దొరికేది. అది వచ్చి మళ్ళీ నా ముందు కూలబడింది. నా కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడక్కా?" అంది కంగారుగా. "బాగా నొప్పిగా ఉందా? చూపించు."

బెంచీ పోతుందన్న బెంగ దాని మొహంలో ఎక్కడా లేదు. బొటనవేలితో అంచు పొడుగునా తడుముకుంటూ వచ్చింది. పిక్క దగ్గర ఆగి నా మొహం చూసింది. మడమ దగ్గర ఆగి చూసింది. పాత గాటు మీద మరీ మెల్లగా వేలు ఆనించి, "ఇక్కడా?" అంది.

నేను వంగి చూపించబోయాను. నా కాలు నాదే. ఎక్కడ వేలు పెడితే అక్కడ నొక్కుతున్నట్టే, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. చెయ్యి చాపినదాన్ని చాపినట్టే ఉండిపోయాను. వేలు పెట్టడానికి చోటు దొరకలేదు.

"లేదు మేడమ్," అన్నాను. "ఎక్కడా నొక్కడం లేదు. రాసెయ్యండి."

"సరిగ్గా ఆలోచించుకుని చెప్పు. ఇప్పుడేగా నొక్కుతోందన్నావు?"

"తప్పు చెప్పాను. లేదు."

మేడమ్ రాసేసింది. నత్త మాత్రం లేవలేదు. బెల్టు విప్పుతూ, ఎవరికీ వినబడకుండా గుసగుసగా అడిగింది.

"నిజం చెప్పక్కా. నొక్కుతున్నా నా కోసమని లేదంటున్నావా?"

అలా అడిగేకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

"నీ కోసం నేను అబద్ధం చెబుతానటే?" అన్నాను. "లే, లేచి బెంచీ తుడుచుకో."

అది నమ్మలేదు. కళ్ళు తుడుచుకుంటూ, నేనేదో త్యాగం చేసినట్టు నా మోకాలికి తల ఆనించి కాసేపు అలాగే ఉంది. తర్వాత లేచి తన బెంచీ దగ్గరకు వెళ్ళింది. వైస్ పిడి తిప్పి చూసుకుంటూ మురిసిపోయింది. చూస్తుంటే నాకు మళ్ళీ మండింది.

మేజోడు కిందికి లాగి నా కాలు చూసుకున్నాను. వెలుతురు కోసం కిటికీ దగ్గరకు వెళ్ళి మరీ చూసుకున్నాను. ఎక్కడా చిన్న ఎర్ర గీత కూడా లేదు. ఒక్కటైనా ఉంటే బాగుండుననిపించింది.