బొడ్డున్న నాణెం

నేను ఒక పసివాడి ముఖాన్ని మోస్తూ పద్దెనిమిది వందల ఏళ్లు బతికిన కంచు నాణేన్ని. ఆ పసివాడి పేరు డయడుమేనియన్. రోమ్ గద్దెనెక్కిన తండ్రి తొమ్మిదేళ్ల కొడుకుకూ రాజపదవి కట్టబెట్టాడు. పద్నాలుగు నెలలు తిరిగేసరికి ఇద్దరినీ చంపేశారు. ఆ కాస్త వ్యవధిలోనే ఎన్నో నగరాలు వాడి బొమ్మతో నాణేలు కొట్టాయి. పొగడాల్సి వస్తే మనుషులు ఆలస్యం చేయరు.

నేను పుట్టింది డాన్యూబ్ నదికి దక్షిణాన, మార్కియానోపోలిస్ నగరంలో. పోతపోసిన బిళ్లను మధ్యలో మొన దించి, గిరగిరా తిప్పి చదును చేశారు. అప్పుడే నాకు రెండువైపులా బొడ్డులాంటి గుంట పడింది. తర్వాత సుత్తిదెబ్బ. ఒకవైపు పిల్లవాడు, రెండోవైపు పడగెత్తిన పాము. కొన్నాళ్లు రొట్టెలకూ చేపలకూ చేతులు మారాను. ఆపైన శతాబ్దాల తరబడి మట్టిలో పడుకున్నాను.

చివరికి నేను పుట్టిన చోటికి దగ్గర్లోనే ఉన్న వార్నా రేవులో ఓ పాత నాణేల కొట్టులో నన్ను కొన్నది ఓడ ఇంజనీరు పేరి సుదర్శనరావు. ఆయన భార్య విశాలాక్షి శ్రీకాకుళంలో చరిత్ర లెక్చరరు. ఈ పిల్లరాజు నాణేలంటే ఆమెకు ప్రాణం.

"పాఠ్యపుస్తకంలో వీడికి ఒక్క వాక్యమైనా దొరకలేదండీ. నా పెట్టెలోనైనా చోటుండనివ్వండి," అనేది భర్తతో.

ఆ పెట్టెలో నేను ఏడోదాన్ని. ఆయన తెచ్చిన ఆఖరి కానుకనూ నేనే. తర్వాతి ప్రయాణంలో, నడిసముద్రంలో ఆయన గుండె ఆగిపోయింది.

రెండేళ్లకు ఆమె మా ఏడుగురినీ విశాఖపట్నంలో నాణేల ప్రదర్శనకు తీసుకెళ్లింది. అక్కడ పరిశీలకుడు డాక్టర్ శేషగిరి భూతద్దం కింద నన్ను అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నకిలీ మేడం. ఈ గుంటలు డ్రిల్లుతో పడ్డవి. ఆ రోజుల్లో మిషన్లెక్కడివి? పాపం, మీవారిని ఎవరో మోసం చేశారు."

నన్ను వరసలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నా మీద నాకు అణువంత అనుమానం కూడా రాలేదు. కానీ ఆమె గుప్పిట సడలింది. ఆ అనుమానం ఆమెకు వచ్చిందని నాకు తెలిసింది. నోరు లేకపోవడం అంత కష్టంగా నాకెన్నడూ అనిపించలేదు.

ఆమె బయటి వరండాలోకి వచ్చి నిలబడింది. పక్కనే బూడితి ఊరి ఇత్తడి సామాన్లు పరుచుకుని కూర్చున్న కంచరి సింహాచలం తలెత్తాడు.

"ఏటమ్మా, అలగైపోనావు?"

ఆమె చెయ్యి చాపి నన్ను చూపించింది. "ఇది డ్రిల్లు గుర్తట."

అతను నన్ను వేళ్ల మధ్య పట్టుకుని, గుంటను గోటితో తడిమి నవ్వాడు. ఆ వేళ్లు నాకు కొత్తగా అనిపించలేదు.

"డ్రిల్లూ కాదు, గిల్లూ కాదు! సామాను తిప్పి నునుపు చేసే తరిమెన మొన దిగిన గుర్తిది. మా తాత తాడుతో లాగి తిప్పీవోడు. అప్పుడు కరెంటుందేటి? మొన దిగకపోతే బిళ్ల ఎలగ నిలుస్తాది? ఇదిగో, ఈ చెంబు అడుగు చూడు."

చెంబు అడుగున, నట్టనడుమ, అలాంటి గుంటే ఉంది.

"ఒక్కసారి లోపలికొస్తావా, బాబూ?" అంది విశాలాక్షి. నన్ను తిరిగి తీసుకున్న ఆమె గుప్పిట మళ్లీ బిగిసింది.

శేషగిరి ముందు చెంబునూ, తర్వాత నన్నూ చూశాడు. రెండోసారి నన్ను చాలాసేపు చూశాడు.

"పాము ఒంటి మీది గీత గుంటలోకి దిగి ఉంది," అన్నాడు మెల్లగా. "తర్వాత తొలిస్తే ఆ గీత తెగిపోవాలి. అంటే గుంటే ముందు, బొమ్మ తర్వాత." భూతద్దాన్ని పక్కన పెట్టి, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా అన్నాడు. "తప్పు నాదేనమ్మా. ఇది అసలైనది."

పండితుల నోట ఆ మొదటి మాట రావడం అరుదు. అందుకు ఆయన్ని మెచ్చుకున్నాను.

విశాలాక్షి విజయగర్వం చూపలేదు. నాణెం పక్కన పెట్టే ఖాళీ చీటీ ఒకటి ఆయన ముందుకు జరిపింది. "మీ చేత్తోనే రాయండి డాక్టరుగారూ."

ఆయన రాజు పేరూ, నగరం పేరూ రాశాడు.

"ఇంకో వరస రాయాలి," అంది ఆమె. "కొన్నది పేరి సుదర్శనరావు, ఓడ ఇంజనీరు. చూసి, తెలిసే కొన్నాడు."