ఎర్రబడని చుక్కలు

మా కోడలు రక్తవిరేచనాల క్రిములను పెంచుతుంది. ఈ మాట చెప్పగానే చాలామంది కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. జరుపుకోనివ్వండి. నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైన దాన్ని, వెనక బెంచీల వాళ్ళను ముందుకు రప్పించడం నాకు కొత్తేమీ కాదు. వాళ్ళకు నచ్చినా నచ్చకపోయినా ఆ క్రిమి సంగతి మొత్తం చెప్పే పంపిస్తాను.

నాకెలా తెలుసంటారా? పెళ్ళైన కొత్తలో ఆ అమ్మాయి వంటింట్లో అడుగుపెడితే చాలు, చేతులు కడుక్కున్నావా అని వెంటపడేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి నన్ను తన ల్యాబుకే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. బీరువా అంత ఇంక్యుబేటర్ తలుపు తీసి, లోపలి వేడి సరిగ్గా మన ఒంటి వేడి అని చెప్పింది. అరల నిండా మూతలున్న గాజు పళ్ళేలు. వాటిలో ఎర్రరంగు కలిపిన జెల్లీ, దాని మీద చుక్కలు చుక్కలుగా క్రిములు. ఒక్కో చుక్కలో లక్షల కొద్దీ ఉంటాయట.

ఈ క్రిమి మహా గడుసుది. బయట చల్లగా ఉన్నంతసేపూ ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఆయుధాలు తయారుచేసే జన్యువులు దాని దగ్గర ఉంటాయి గానీ నోరు మూసుకుని ఉంటాయి, ఎందుకంటే ఆయుధాలు చేయడం చాలా శ్రమ. మనిషి కడుపులోకి చేరి ఒంటి వేడి తగిలిందా, ఆ జన్యువులన్నీ మేలుకుంటాయి. అప్పుడిక పేగుల మీద పడుతుంది. అలా మేలుకున్న క్రిములు జెల్లీలోని రంగు పీల్చుకుని ఎర్రబడతాయి, మేలుకోనివి తెల్లగా ఉండిపోతాయి. పళ్ళెం చూస్తే చాలు, ఎవరు కత్తి దూశారో తెలిసిపోతుంది.

మా కోడలు వెతుకుతున్నది క్రిమిని చంపే మందు కాదు. ఒంటి వేడిలో కూడా ఆ జన్యువులను లేవనివ్వకుండా జోకొట్టే మందు. చంపబోతే క్రిములు మందుకు అలవాటుపడి మొండికేస్తాయి, నిద్రపుచ్చితే అంత పంతం పట్టవేమోనని వాళ్ళ ఆశ. ఏళ్ళ తరబడి కష్టపడ్డాక, మందు కలిపిన పళ్ళెంలో, వేడిలోనే, చుక్కలు తెల్లగా వచ్చాయి. ల్యాబంతా సంబరపడింది. ఆ తెల్లచుక్కలకు 'బుద్ధిమంతులు' అని పేరు కూడా పెట్టారు. వాళ్ళ సంస్థలో ఏడాదికోసారి జరిగే సభలో ఈ ఫలితం చూపిస్తే, ఖాళీగా ఉన్న పర్మనెంట్ పోస్టు ఆమెకేనని వాళ్ళ పెద్దసారు మాటిచ్చారు. ఆమె కాంట్రాక్టు అప్పటికే ముగింపుకొచ్చింది. ఆ పోస్టు రాకపోతే ల్యాబు గుమ్మం తొక్కే వీలే ఉండదు.

సభ దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం చూస్తే కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. ఏమైందని గద్దించాను. నాకు మెల్లగా అడగడం రాదు.

"అత్తయ్యా, మీ క్లాసు ఒకరోజు చప్పుడు లేకుండా ఉందనుకోండి. మీకు భయపడి కూర్చున్నారా, అల్లరి చేసేవాళ్ళు అసలు బడికే రాలేదా? ఎలా తెలుస్తుంది?"

"నేను బయటికెళ్తే తెలుస్తుంది."

"నేనూ అదే చేశాను. మందు తీసేసి మళ్ళీ వేడిలో పెట్టొచ్చాను. రేపు చూడాలి."

ఆమె అనుమానం ఇదీ. ఆయుధాల జన్యువులు క్రిమి లోపలే, మిగతా జన్యువులతో కలవకుండా, విడిగా ఉంగరంలాంటి ఒక చిన్న చుట్ట మీద ఉంటాయి. ఒక్కోసారి క్రిమి ఆ ఉంగరాన్నే జారవిడుచుకుంటుంది. బరువు వదిలిపోయింది కాబట్టి హాయిగా పెరిగి పెద్ద చుక్క అవుతుంది. ఒక పళ్ళెం నుంచి ఇంకో పళ్ళేనికి క్రిములను మార్చేటప్పుడు ఏ చుక్కను తీయాలో మనిషే కంటితో చూసి ఏరాలి. కూరగాయలు ఏరేటప్పుడు నిగనిగలాడే దాని మీదికే కదా చెయ్యి పోతుంది.

మందు తీశాక చుక్కలు ఎర్రబడితే మందు నిజం, తెల్లగానే ఉంటే ఉంగరం పోయినట్టే. ఒక రోగక్రిమికి పౌరుషం తిరిగి రావాలని నా జన్మలో మొదటిసారి కోరుకున్నాను.

మర్నాడు ఆమె చెప్పులు విడుస్తూనే తల అడ్డంగా ఊపింది. చుక్కలు తెల్లగానే ఉన్నాయట. అదే మందు ఫ్రీజరులో దాచిన పాత క్రిముల మీద వేసి చూస్తే, అవి దాన్ని పూచికపుల్లకు లెక్కచేయకుండా ఎర్రగా పైకి వచ్చాయట. జోకొట్టడమూ లేదు, నిద్రా లేదు.

పెద్దసారు చెడ్డవాడు కాదు. ముందు సభ కానివ్వమనీ, పోస్టు కాగితం చేతికొచ్చాక తీరిగ్గా మళ్ళీ చేసి చూసి చెప్పొచ్చనీ, తాను అబద్ధమాడమనడం లేదనీ అన్నారట. మావాడు కూడా, ఆయన చెప్పినట్టు చేస్తే పోయేదేముంది అని నసిగాడు. నేను చూసిన చూపుకి మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోయాడు. మా కోడలు మా ఎవరి సలహా కోసమూ ఆగలేదు.

సభకు ఇంట్లోవాళ్ళనూ పిలిచారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆమె తెర మీద ముందు తెల్లచుక్కల పళ్ళెం చూపించింది. చప్పట్లు మొదలయ్యాయి. చెయ్యెత్తి ఆపి, మందు తీసేసినా తెల్లగానే ఉన్న రెండో పళ్ళెం చూపించింది.

"వీళ్ళు బుద్ధిమంతులు కారు. ఆయుధాలు పారేసుకున్నవాళ్ళు. మందు ఏమీ చేయలేదు. చుక్కలు ఏరింది నేనే. లావుగా, నున్నగా ఉన్నవాటినే ఏరాను. మీరందరూ మీ మీ పళ్ళేలు కూడా ఒకసారి పరీక్షించుకోండి."

మాట ఎక్కడా తడబడలేదు. ముందు వరసల్లో కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలోనూ పోస్టుల కోసం ఎదురుచూసేవాళ్ళు ఉండే ఉంటారు. పెద్దసారు లేచి, ఆమె వైపు చూడకుండా, ఈ ఏడు ఆ పోస్టు ఎవరికీ ఇవ్వడం లేదని చెప్పి కూర్చున్నారు.

నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటే గుండె పొంగింది. నా సర్వీసంతా పిల్లలకు నిజం చెప్పమని బెత్తం పట్టుకుని నేర్పాను. బెత్తం లేకుండా, ఇంతమంది ముందు, తనకే నష్టమయ్యే నిజాన్ని చెప్పినవాళ్ళను అంతకుముందు చూడలేదు.

పక్క కుర్చీలో ఎవరి తండ్రో ఉన్నట్టున్నాడు, నా వైపు వంగి గుసగుసగా అన్నాడు. "ఎవరి పిల్లోనండీ పాపం. నోటికాడి కూడు కాలదన్నుకుంది."

"మా కోడలండీ," అన్నాను.

ఆయనకు ఒక్కడికే చెబుదామనుకున్నాను. కానీ క్లాసులో చెప్పి చెప్పి పెరిగిన గొంతు కదా, హాలంతా వినిపించింది. ముందు వరసలో పెద్దసారు కూడా తల తిప్పి చూశారు. ఆయనకు సరిగ్గా వినపడలేదేమోనని, లేచి నిలబడి ఇంకోసారి చెప్పాను.