కోళ్ళగూట్లో అత్తా అల్లుడు

గార్డెన్ రీచ్ కార్పొరేషన్ క్వార్టర్సులో అమ్మన్నమ్మ రోజూ పొద్దున్నే మెట్ల మీద కూర్చుని, టీ తాగుతూ అల్లుణ్ణి చూస్తుంది. అంతే, ఆమె ఒంట్లోంచి వేడి బయల్దేరుతుంది. పనికిమాలినవాళ్ళు కంటబడితే ఆమెకు అలా అవుతుంది. వానాకాలంలో పక్కింటి బెంగాలీ ఆవిడ తడి బట్టలు తెచ్చి ఆమె భుజాల పక్కన ఆరేసుకుంటూ, "అల్లుడు ఇంట్లోనే ఉన్నాడుగా మాషీ?" అని మాత్రం అడుగుతుంది.

ఉండక ఎక్కడికి పోతాడు? వెంకటేశు పలాస నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఏ పనిలోనూ నిలవలేదు. గొప్పలకు మాత్రం కొదవ లేదు. ఫోన్లో వీడియోలు చూసి చూసి కోళ్ళ ఫారం పెడతానన్నాడు. "ఒక్క పిల్ల సచ్చినా పలాస బండెక్కీ" అంది అమ్మన్నమ్మ. కూతురు రమాకుమారి బిక్కమొహం వేసింది.

పెరట్లో మనిషి వంగి దూరేంత గూడు లేచింది, ఒక పక్కకు ఒరిగి. కోడిపిల్లల కోసం లోపల ఓ మూల అట్టలు గుండ్రంగా నిలబెట్టి, ఊక పరిచి, పైన బల్బు వేలాడదీసి ఆ మహానుభావుడు చేతులు దులుపుకున్నాడు. పిల్లల్ని దించిన కాసేపటికే అవి ఒకదాని మీదొకటి ఎక్కి ఒకటే ఏడుపు.

అమ్మన్నమ్మ లోపలికి దూరి బల్బు పట్టుకుని చూసింది. చల్లగా ఉంది.

"ఏటిది?"

"ఎల్‌ఈడీ అత్తా. కరెంటు ఆదా."

"ఎలుగెందుకయ్యా ఈటికి, సదువుకుంటాయేటి? తల్లి లేని పిల్లలకి వేడి కావాల, వేడి!"

అంటూనే ఆమె కాగిపోయింది. పిల్లలు గుంపు విడి పరుగున వచ్చి ఆమె చీర కుచ్చిళ్ళ కింద దూరాయి. వేడెక్కే పాతరకం బల్బు కోసం రమాకుమారి బజారంతా తిరిగింది, దొరకలేదు. చేసేదేముంది, అమ్మన్నమ్మ ఊకలోనే కూర్చుని సాయంత్రం దాకా అల్లుణ్ణి తిడుతూ ఉంది. తిట్టడానికి విషయం ఎక్కడా తక్కువ కాలేదు.

సాయంత్రం వెంకటేశు సంచీ సర్దుకుని వచ్చాడు. "తప్పు నాదే అత్తా. నేనెల్లిపోతాను. రమని బాగా సూసుకో."

గొప్పలు లేకుండా అతను మాట్లాడటం అదే మొదటిసారి. రమాకుమారి బావురుమంది. ఇలాంటివాడి మీద జాలేమిటి, ఛీ అనుకుంది అమ్మన్నమ్మ. కానీ జాలేసింది. ఆమె ఒళ్ళు చల్లబడింది. పిల్లలు వణుకుతూ మళ్ళీ ఒకదాని మీదొకటి ఎక్కాయి. అడుగున పడ్డదొకటి మెడ వాల్చేసింది.

వెంకటేశు అది చూశాడు. సంచీ కింద పడేసి, సుత్తి పట్టుకుని గూట్లోకి దూరాడు. "వేడి బయటికి పోతంది అత్తా, తలుపు బిగించీస్తాను" అని లోపలి నుంచి టకటకా మేకులు దిగ్గొట్టాడు. చివరి మేకు దిగాక చూస్తే తనూ లోపలే, అత్తా లోపలే.

అమ్మన్నమ్మ అతన్ని నఖశిఖపర్యంతం చూసింది. "ఓలమ్మో! ఈడెక్కడ దొరికాడే నీకు? తన్ని తనే గూట్లో ఎట్టి మేకులు కొట్టుకున్నాడే!"

వేడికి గూడు గూడంతా కాగింది. పిల్లలు విడివడి ఊకలో హాయిగా కాళ్ళు చాపాయి. మెడ వాల్చింది కూడా లేచి ఊక గెలికింది. వెంకటేశు గూటి కిటికీకి కొట్టిన తీగ జాలీలోంచి పెళ్ళానికి కన్ను గీటాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ సంచీ ఇంట్లో ఎట్టీ," అంది అమ్మన్నమ్మ కూతురితో. "ఈటికి ఈకలొచ్చే దాకా ఈ దరిద్రుడు నా కళ్ళెదురుగుండాల."

ఆ పిల్లలకు ఈకలు పూర్తిగా రాకముందే ఆమె మరో బుట్ట పిల్లలకు చెప్పి పెట్టింది.