కృపమ్మ మంగు

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కినది మొదలు రెబెకా ఫోను తెరుస్తూ, మూస్తూ, మళ్ళీ తెరుస్తూనే ఉంది. పెసలూ కస్తూరి పసుపూ ఆడించి, ఇంట్లోనే జల్లించి, ముచ్చటైన పేరు పెట్టి అమ్ముకుంటున్న సున్నిపిండికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఇన్నాళ్ళూ దిక్కూ మొక్కూ లేదు. మేనత్త కృపమ్మ మాట్లాడిన ఒక్క రీలుతో వారం తిరక్కుండా గిరాకీ ముంచెత్తింది. డోన్ నుంచి ఒకామె, సంజామల నుంచి మరొకామె, అందరిదీ ఒకటే ప్రశ్న: మొహంమీది మంగు మచ్చలు పోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ఆ ప్రశ్నే ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. మంగు పోతుందని కృపమ్మ అననే లేదు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పటిలాగే తలమీద కొంగు కప్పుకుని, నిటారుగా నిలబడి, “ఒళ్ళు మెత్తగైతాది, నేను పూసుకుంటాండా” అంది, అంతే. ఆమె రెండు బుగ్గలమీదా ఏళ్ళనాటి మంగు ఉంది. రీలులో మాత్రం లేదు; ఆ వయసులో అంత నున్నని మొహం చూసే అందరూ అలా అడుగుతున్నారు. రీలుకు ముందురోజు రెబెకా ఒక పెళ్ళికూతురికి మేకప్ చేసి వీడియో తీసినప్పుడు పెట్టిన, మచ్చలు చెరిపేసే బ్యూటీ మోడ్ ఫోనులో అలాగే ఉండిపోయింది. రెబెకా గమనించేసరికి లైకులు వేలల్లోకి చేరాయి. గమనించాక కూడా తీసెయ్యలేదు. మొదటిది పొరపాటు, రెండోదానికి ఆమె ఇంకా పేరు పెట్టుకోలేదు.

రేపు ఆదివారం. సాక్ష్యం చెప్పే వంతు కృపమ్మది. ఈలోగా ఆమెకు ఆ రీలు ఎవరూ చూపించకపోతే బాగుండును.

కానీ బస్సు దిగి వెళ్ళేసరికి కృపమ్మ ఇంటి అరుగుమీద ఆమె పక్కన అప్పటికే జీవరత్నం ఉంది. పక్కిల్లే, చర్చి కూడా ఒకటే.

“రామ్మే రెబెకా! మీ యత్తకు రెండు మొగాలంట, తెలుసునా? ఫోన్లో ఒకటి, ఈడ ఒకటి. రేపు సాక్ష్యానికి ఏది ఏసుకొస్తావక్కా?”

కృపమ్మ నవ్వలేదు. “ఏందే ఇది వాగేది?”

రెబెకా ఫోను చూపించింది. కృపమ్మ బైబిలు చదివే అద్దాలు పెట్టుకుని చూసింది.

“ఎవురే ఈ పిల్ల? బాగుండాదే.”

“నువ్వే అత్తా. ఫోను నీ మంగు తుడిచేసింది. నేను చూసుకోలే.”

“చూసుకున్నాక?”

పక్క షెడ్డులో శిల్పులు ఉలితో రాయి చెక్కుతున్నారు. రెబెకా ఫోను వెనక్కి తీసుకుంది.

“తీసేస్తాలే అత్తా.”

“తీసేస్తే? అబద్ధమాడి దాంకుందంటారు. రేపు నేను నోరు తెరిస్తే ఎవురు నమ్ముతారు? ఇంగోటి తియ్. ఆ నునుపు పెట్టొద్దు.”

కృపమ్మ అరుగు దిగి ఎండలో నిలబడింది.

“పౌడరన్నా పూసుకో అక్కా!”

“నువ్వు గమ్మునుండు.” కొంగు సర్దుకుని ఫోనుకేసి చూసింది. “నేను కృపమ్మని. ఇది నా మంగు. పిండితో పోలే. పోతాదని నేను చెప్పలే. ముందు మీరు చూసింది ఫోను చేసిన మొగం. పిండితో ఒళ్ళు మెత్తగైతాది, అంతే.”

“వీడియోలో ఉలి చప్పుడు పడింది అత్తా, మళ్ళీ...”

“సాక్ష్యం ఒక తూరే చెప్తారు.”

పాతది తీసి, కొత్తది పెట్టి, రెబెకా ఫోనును అరుగుమీద బోర్లించింది. క్షణాల్లోనే అది గరగరమని కదలసాగింది.

“ఆర్డర్లా, తిట్లా?” జీవరత్నం మెడ చాచింది.

రెబెకా చేయి ముందుకు పోయి ఆగింది; మళ్ళీ పోయి మళ్ళీ ఆగింది. కృపమ్మ అద్దాలు ముక్కుమీదికి జరుపుకుంది.

“ఇటియ్యి. మొగం నాది గదా, నేనే చదువుతా.”